చెరిపేసిన ఒక్క లైను

కిందటి వారం హెలెన్‌ను బాపట్లలో, సెలవులకు ఖాళీ అయిపోయిన కాలేజీ లాబ్‌లో, పది కాగితాల ముందు వదిలి వచ్చాం. ఎం.టెక్. రెండో సంవత్సరం చదువుతున్న ఈ రేపల్లె అమ్మాయి, తెనాలి అబ్బాయి భరద్వాజతో కలిసి పేరలల్ ప్రోగ్రామింగ్‌లో ఒక ప్రాజెక్టు చేసింది. తుఫాను వస్తే సముద్రం నీళ్ళు ఏ ఊళ్ళోకి ఎప్పుడు, ఎంత లోతున వస్తాయో లెక్కగట్టే ప్రోగ్రాం అది. మామూలుగా రోజంతా పట్టే లెక్కను కంప్యూటరులో విడివిడిగా లెక్క చేసే ముప్పై రెండు కోర్లకు ఒకేసారి పంచిపెట్టి ఇరవై ఐదు నిమిషాల్లో తేల్చారని సెప్టెంబరులో అందరూ మెచ్చుకున్నారు. వాళ్ళ గైడు కృష్ణకాంత్ ఆ రిపోర్టును డ్రైనేజీ ఇంజనీరుకు కూడా అందజేశారు.

ఇప్పుడు నవంబరు. బంగాళాఖాతంలో నిజంగానే తుఫాను పుట్టింది. బుధవారం నాడు హెలెన్, ఊరికే చూద్దామని, అదే ప్రోగ్రాంను అవే అంకెలతో పదిసార్లు నడిపింది. మిగతా ఊళ్ళన్నీ బాగానే ఉన్నాయి. రేపల్లె అవతల కొమరిదిబ్బ అనే ఒక్క ఊరి దగ్గర మాత్రం పదిసార్లకూ పది జవాబులు వచ్చాయి. ఒకసారి పొడి నేల. ఒకసారి మోకాలి లోతు. ఒకసారి నడుము లోతు.

కొమరిదిబ్బ బడికి హెడ్మాస్టరు ఆమె తండ్రి కృపారావు.

*

గురువారం పొద్దున్నే హెలెన్ తెనాలి వెళ్ళే ప్యాసింజరు ఎక్కింది. భరద్వాజ ఫోను ఎత్తడం లేదు. సెలవులివ్వగానే ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ పది కాగితాలనూ ప్లాస్టిక్ కవరులో పెట్టి ఒళ్ళో పట్టుకుని కూర్చుంది. రెండు నిమిషాలు కూర్చోవడం, లేచి తలుపు దగ్గరికి వెళ్ళడం, మళ్ళీ వచ్చి కూర్చోవడం. కిటికీలోంచి సన్నటి జల్లు కొడుతోంది. పట్టాల పక్క చేలల్లో కోసిన వరి మోపు కట్టకుండా ఓదెల మీదే పడి ఉంది. కొందరు వానలోనే మోపులు కట్టి గట్టు మీదికి లాగుతున్నారు.

"ఏమ్మా, చదువుకున్నదానిలా ఉన్నావు. ఈ తుఫాను ఎందాక వచ్చిద్దంటావు?" అని అడిగాడు ఎదుటి సీటులో పెద్దాయన. పేరు యలమంద. కర్లపాలెం దగ్గర రెండెకరాల కౌలు అట. కోసిన పంట చేలోనే ఉందట. తెనాలిలో అల్లుణ్ణి పిలుచుకు రావడానికి వెళుతున్నాడు.

"తెలియదు బాబాయ్."

"టీవీలో ఒకడు ఒకటి చెబుతాడు, ఇంకొకడు ఇంకొకటి చెబుతాడు. కంప్యూటర్లు చెప్పేస్తాయంటగా ఇప్పుడు?"

హెలెన్ కవరును గట్టిగా పట్టుకుని కిటికీ వైపు తిరిగింది. నిన్నటిదాకా అయితే ఆ ప్రశ్నకు గర్వంగా జవాబు చెప్పేది.

తెనాలిలో దిగేసరికి వాన పెరిగింది. గంగానమ్మపేటలో భరద్వాజ వాళ్ళ ఇల్లు ఆమెకు తెలుసు. గొడుగు ఉన్నా సగం తడిసిపోయి గుమ్మంలో నిలబడింది. భరద్వాజ తల్లి హైమావతి తలుపు తీసింది.

"అయ్యో, హెలెనా! ఇంత వానలో ఏంటమ్మా ఇది? ముందు తల తుడుచుకో. ఇడ్లీ పెడతాను."

"వద్దండి పిన్నిగారూ. భరద్వాజతో మాట్లాడాలి."

"మాట్లాడుదువుగానిలే. ఖాళీ కడుపుతో మాటలేంటి?" అంటూనే హైమావతి ఆమె మొహం చూసింది. ఇంకేం అనలేదు. తువ్వాలు చేతికిచ్చి, "మేడ మీద గదిలో ఉన్నాడు" అంది.

భరద్వాజ కిటికీ పక్కన లాప్‌టాప్ ముందు కూర్చుని ఉన్నాడు. హెలెన్‌ను చూడగానే లేచాడు. ఆమె ఏమీ మాట్లాడకుండా పది కాగితాలనూ కవరులోంచి తీసి మంచం మీద వరసగా పరిచింది. ప్రతి కాగితం మీదా కొమరిదిబ్బ అంకె చుట్టూ ఎర్ర సిరాతో గీసి ఉంది.

భరద్వాజ ఆ కాగితాల వైపు చూశాడు. ఒక్కటి కూడా చేతిలోకి తీసుకోలేదు. ఇదేంటని అడగలేదు. అదే హెలెన్‌కు చాలింది.

"నీకు తెలుసు" అంది.

అతను కిటికీ వైపు తిరిగాడు.

"ఎప్పట్నుంచి?"

"అక్టోబరు తొమ్మిది నుంచి."

"నెల పైనయింది! రోజూ పక్క పక్కనే కూర్చున్నాం, ఒకే టిఫిన్ బాక్సులో తిన్నాం. ఒక్క మాట చెప్పలేదు!" ఆమె మంచం మీది కాగితాన్ని వేలితో పొడిచింది. "కోర్లకు పని పంచిన భాగం నీది. లాక్ పెట్టింది నువ్వే, తీసింది నువ్వే. స్పీడు కోసం తీశావు. అందరూ చప్పట్లు కొడతారని తీశావు. అంతేగా?"

ఆ లాక్ సంగతి పాఠకులకు కాస్త చెప్పాలి. తీరమంతటినీ చిన్న చిన్న గళ్ళుగా విడదీసి, ఒక్కో కోరుకు కొన్ని గళ్ళు అప్పగిస్తారు. ప్రతి కోరూ తన గళ్ళలోకి ఎన్ని నీళ్ళు వచ్చాయో కూడుతుంది. రెండు కోర్ల సరిహద్దులో ఉన్న గడిలోకి రెండు వైపుల నుంచీ నీళ్ళు వస్తాయి. రెండు కోర్లూ ఒకే క్షణంలో ఆ గడిలోని పాత అంకెను చదివి, ఎవరి నీళ్ళు వాళ్ళు కలిపి రాస్తే, రెండోసారి రాసిందే మిగులుతుంది. మొదటి కోరు కలిపిన నీళ్ళు లెక్కలోంచి పోతాయి. అలా కాకుండా, ఒకరు రాసేదాకా రెండోవాళ్ళు ఆగాలని చెప్పే లైనే లాక్. దాంతో జవాబు సరిగా వస్తుంది, కానీ ఆగి ఆగి నడవడం వల్ల ఆలస్యమవుతుంది. కొమరిదిబ్బ సరిగ్గా అలాంటి సరిహద్దు మీద ఉంది.

"మాట్లాడవేం?" అంది హెలెన్.

భరద్వాజ లాప్‌టాప్ ఆమె వైపు తిప్పాడు. ప్రోగ్రాంలో ఎవరు ఏ రోజు ఏ మార్పు చేశారో వరసగా రాసి ఉండే పేజీ అది. వేలితో ఒక చోట చూపించాడు.

ఆగస్టు ఇరవై రెండు. సాయంత్రం నాలుగూ పది. ఒక లైను తీసివేత. పక్కన పేరు: హెలెన్.

ఆమె మొదట నమ్మలేదు. దగ్గరికి వంగి మళ్ళీ చదివింది. తరవాత, ఎక్కడో మూసుకుపోయిన తలుపు తెరుచుకున్నట్టు, ఆ సాయంత్రం మొత్తం గుర్తుకొచ్చింది.

ఆ రోజు భరద్వాజ లాబ్‌లో లేడు. లాక్ వల్ల ఎంత టైము పోతోందో తెలుసుకుందామని ఆ లైను తీసి నడిపి చూసింది. ఒక్కసారి చూసి మళ్ళీ పెట్టేద్దామనే. సరిగ్గా అప్పుడే కృష్ణకాంత్ సార్ ఇద్దరు పెద్దమనుషుల్ని వెంటబెట్టుకుని వచ్చారు. తెర మీద ఇరవై ఐదు నిమిషాలు అన్న అంకె చూసి, "ముప్పై రెండు కోర్ల మీద కూడా ఐదున్నర గంటలు పట్టేది కదమ్మా! ఏం చేశారు?" అన్నారు. వచ్చినవాళ్ళు ఆమెకు చేయి కలిపి అభినందించారు. టీ తెప్పించారు. ఫొటో తీశారు. ఆ హడావుడిలో లైను సంగతి మరిచిపోయింది. మరునాడు భరద్వాజ, ముందు రోజు పొద్దున తానూ ఏవో మార్పులు చేశానన్నాడు, ఆ స్పీడు వాటివల్లే వచ్చిందనుకుంది.

నిజంగా మరిచిపోయిందా? ఇప్పుడు ఆ ప్రశ్న వేసుకుంటే జవాబు ఖచ్చితంగా రావడం లేదు. చేయి కలిపిన మనిషి ముందు, "ఆగండి, ఇది ఊరికే తీసి చూస్తున్నాను" అనడానికి నోరు రాలేదన్నది మాత్రం గుర్తుంది.

హెలెన్ మంచం అంచున కూర్చుండిపోయింది.

"నిన్ను తిట్టడానికి వచ్చాను" అంది.

"తిట్టు. నేను దాచాను కదా." భరద్వాజ ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. "కనిపెట్టిన రోజే చెబుదామని వచ్చాను. ఆ రోజే నీకు పిహెచ్.డి. ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. హాస్టల్లో అందరికీ స్వీట్లు పంచుతున్నావు. ఆ రిపోర్టు చూసే పిలిచారు నిన్ను. చెబితే ఆ సీటు పోతుందని ఆగాను."

"నా కోసమా?"

"అలాగే చెప్పుకున్నా." అతను తల వంచుకున్నాడు. "నిజం చెప్పాలంటే, బెంగళూరు కంపెనీ వాళ్ళు నన్ను తీసుకున్నదీ ఆ రిపోర్టు మీదే. అది పోతుందని భయం. రెండూ కలిసే ఉన్నాయి. ఏది ఎంతో నాకే తెలియదు."

"సరైన జవాబెంత?"

అతను లాప్‌టాప్ మూయబోయాడు.

"నువ్వు చూసే ఉంటావు. చూడకుండా ఉండలేవు నువ్వు. ఎంత?"

"లాక్ మళ్ళీ పెట్టి మూడుసార్లు నడిపాను. మూడుసార్లూ ఒకటే. మీటరున్నర పైన."

"కొమరిదిబ్బలో?"

"బడి దగ్గర."

హెలెన్ దిగ్గున లేచింది. "మా నాన్న అక్కడే పనిచేస్తాడని నీకు తెలుసు! పోయిన క్రిస్మస్‌కి మా ఇంట్లో ఆయన పక్కన కూర్చుని భోంచేశావు!"

"అది ఊహించుకున్న తుఫాను, హెలెన్! కాగితం మీద తుఫాను. నిజంగా ఒకటి వస్తుందని, ఇంత తొందరగా వస్తుందని..." అతను కళ్ళు నులుముకున్నాడు. "రోజూ పొద్దున్నే వాతావరణం చూస్తున్నాను. వారం నుంచీ నిద్ర లేదు నాకు. నువ్వు ఫోను చేస్తే ఎత్తడానికి చేయి రాలేదు."

గుమ్మంలో అలికిడయింది. భరద్వాజ తండ్రి సుబ్బరామయ్య నిలబడి ఉన్నారు. సంస్కృతం లెక్చరరుగా చేసి రిటైరయిన మనిషి. కంప్యూటరు సంగతులు ఆయనకు తెలియవు గానీ, మెట్ల మీదే చాలాసేపటి నుంచి ఉన్నట్టున్నారు.

"ఆ తప్పు రిపోర్టు ఇప్పుడు ఎవరి దగ్గరుందిరా?" అని అడిగారు.

"డ్రైనేజీ ఇంజనీరు గారి దగ్గర, నాన్నగారూ."

"ఆయనకీ సంగతి తెలుసా?"

"తెలియదు."

"మరి మీరిద్దరూ ఇక్కడ కూర్చుని ఎవరిది ఎంత తప్పో పంచుకుంటున్నారా?" ఆయన గొంతు పెద్దది చేయలేదు. "లే. చొక్కా వేసుకో. మధ్యాహ్నం నుంచి రైళ్ళు ఆపేస్తారంటున్నారు."

*

బాపట్ల బండి కిటకిటలాడుతోంది. హైమావతి బలవంతంగా చేతిలో పెట్టిన టిఫిన్ డబ్బా భరద్వాజ సంచిలో ఉంది. ఇద్దరూ తలుపు దగ్గరే నిలబడ్డారు. హెలెన్ తండ్రికి నాలుగోసారి ఫోను చేసింది. మోగుతోంది, ఎత్తడం లేదు. రేపల్లెలో తల్లి సుగుణమ్మకు చేసింది.

"అమ్మా, నాన్నేరీ? బడికి సెలవేగా?"

"సెలవైతే మాత్రం ఆయన కుదురుగా ఉంటాడా? తెల్లారగానే పోయాడు. కొమరిదిబ్బ బడిని తుఫాను షెల్టరు చేశారంటగా. చుట్టుపక్కల మూడూళ్ళ జనాన్నీ అక్కడికే తెస్తున్నారంట."

హెలెన్ ఫోనును చెవికి ఇంకా గట్టిగా అదుముకుంది. "ఎవరు చెప్పారమ్మా అక్కడికి తెమ్మని?"

"మీ రిపోర్టేనంటగా! ఆ ఊరు మిట్ట, అక్కడికి నీళ్ళు రావని మీరు రాశారంట. ఇంజనీరు గారే మీ నాన్నతో అన్నారంట. 'మా అమ్మాయి లెక్క మీదే ఇదంతా' అని వీధిలో కనపడినోళ్ళందరికీ చెప్పుకుంటా పోయాడు. హలో? హెలెనూ? ఉన్నావా?"

ఆమె ఫోను దించింది. భరద్వాజకు ఆ మాటలన్నీ వినిపించాయి.

*

కృష్ణకాంత్ సార్ కాలేజీ క్వార్టర్సులోనే ఉంటారు. వాళ్ళు చెప్పిందంతా వరండాలో నిలబడే విన్నారు. మొదట కోపం వచ్చింది. "ఆ రిపోర్టు కింద సంతకం నాదమ్మా! మీకు తెలుసా అసలు?" అన్నారు. తరవాత కళ్ళజోడు తీసి తుడుస్తూ, "అయినా అది వేరే తుఫానుకి వేసిన లెక్క. ఇది అంత బలంగా రాకపోవచ్చు. అనవసరంగా జనాన్ని కంగారు పెట్టడం..." అని నసిగారు.

"నెల రోజుల నుంచి నేనూ అదే అనుకుంటున్నాను సార్" అన్నాడు భరద్వాజ.

ఆ మాటకు కృష్ణకాంత్ అతని వైపు చూశారు. లోపలికి వెళ్ళి ఫోను తెచ్చి, అక్కడే ఇంజనీరు వెంకటకృష్ణయ్యకు కలిపారు. స్పీకరు పెట్టారు. అవతల గాలి హోరు, జనం గోల. ఇంజనీరు కొమరిదిబ్బలోనే ఉన్నాడు.

కృష్ణకాంత్ దాచకుండా చెప్పారు.

"ఏంటి సార్ మీరనేది?" అన్నాడు వెంకటకృష్ణయ్య. "ఆరు వందల మందిని తెచ్చి దించాం. ముసలోళ్ళు, బాలింతలు, గొడ్డూ గోదా. మేడ కూడా లేని బడి ఇది. రేకుల కప్పు. ఇప్పుడు చెబుతారా?"

"తప్పు మాదేనండి. వెంటనే కదిలించండి."

"కదిలించమంటే కదిలిస్తాను. రేపల్లె పోవాలంటే మధ్యలో మురుగుకాలవ మీద కిందుగా కట్టిన చప్టా దాటాలి. చప్టా మీదికి నీళ్ళొచ్చాక బస్సు దిగిందంటే, బడిలో ఉండటం కంటే ఘోరం అది. చప్టా ఎన్నింటికి మునిగిద్ది? అది చెప్పండి నాకు. మీ పాత తుఫాను లెక్క కాదు. ఇవాళ్టి తుఫానుకి చెప్పండి. చెప్పలేకపోతే ఎవర్నీ కదల్చను."

ఫోను పెట్టేశాడు. అప్పటికి పదకొండూ పావు.

ముగ్గురూ లాబ్‌కు పరిగెత్తారు. లాక్ ఉన్న ప్రోగ్రాం నడవాలంటే ఐదున్నర గంటలు. సాయంత్రం ఐదుకు జవాబొస్తే ఎవరికి కావాలి? లాక్ లేనిది మాటకొకసారి అబద్ధమాడుతుంది.

"ఇంకొకటుంది" అన్నాడు భరద్వాజ. "నిద్ర పట్టని రోజుల్లో రాశాను. సరిహద్దు గళ్ళకు ప్రతి కోరూ విడిగా తన పుస్తకంలో తాను రాసుకుంటుంది. ఒకళ్ళ కోసం ఒకళ్ళు ఆగక్కర్లేదు. చివర్లో అన్ని పుస్తకాలూ ఒకే వరసలో కలిపేస్తాం. నలభై నిమిషాల్లో అయిపోవాలి. కానీ ఒక్కసారి కూడా పరీక్ష చేయలేదు."

"చూపించు" అంది హెలెన్.

భరద్వాజ, సార్ కలిసి తుఫాను తాజా బులెటిన్‌లోని అంకెలు ఎక్కిస్తుంటే, ఆమె అతను రాసిందంతా పై నుంచి చదువుతూ వచ్చింది. ప్రతి లైనూ పెదవులు కదుపుతూ, చిన్నపిల్లలు చదివినట్టు చదివింది. కళ్ళు మండుతున్నాయి. కుర్చీలో కూర్చోలేక నిలబడే చదివింది. సగానికి పైగా చదివాక ఒక చోట ఆగింది.

"భరద్వాజా, ఇక్కడ పుస్తకాలు కలిపే పని మొదటి కోరు చేస్తోంది. మిగతావాళ్ళు రాయడం పూర్తయిందో లేదో ఇది చూడట్లేదు."

అతను వచ్చి వంగి చూశాడు. నుదురు కొట్టుకున్నాడు. "అవును. అందరూ వచ్చేదాకా ఆగాలి."

ఒక్క లైను. ఆమే టైపు చేసింది. తీయడం ఎంత సులువో పెట్టడమూ అంతే సులువు. చేసిన మార్పు పక్కన తన పేరు పడటం చూసి, సార్ వైపు తిరిగింది.

"రెండుసార్లు నడుపుదాం సార్. చివరి అంకె దాకా ఒకటే వస్తేనే ఇంజనీరు గారికి చెబుదాం."

"రెండుసార్లూ ఒకే తప్పు రావచ్చమ్మా."

"రావచ్చు సార్. అందుకే మీరు కూడా చదవండి."

కృష్ణకాంత్ ఒక్క క్షణం ఆమెను చూసి, కళ్ళజోడు పెట్టుకుని ఆ కుర్చీలో కూర్చున్నారు. సెప్టెంబరులో ఆయన రిపోర్టు చదివారు గానీ, ప్రోగ్రాం చదవలేదు. ఇవాళ చదివారు.

పదకొండూ యాభైకి మొదటి రన్ మొదలైంది. హెలెన్ కిటికీ దగ్గరికి వెళ్ళింది, వచ్చింది. వరండా చివరిదాకా నడిచింది, వచ్చింది. తండ్రికి ఫోను చేసింది, ఎత్తలేదు. గాలికి కాలేజీ ఆవరణలో సైకిల్ స్టాండు రేకు ఒకటి ఎగిరి దబ్బున పడింది. భరద్వాజ టిఫిన్ డబ్బా తెరిచి ఆమె ముందు పెట్టాడు. ఇడ్లీలు చల్లారిపోయాయి.

"తిను. నిన్నటి నుంచి తినలేదు నువ్వు."

ఆమె ఒకటి తీసుకుని నిలబడే తింది. రెండోది అతనికిచ్చింది. కోపం పోయిందని కాదు. దానికి ఇప్పుడు తీరిక లేదు.

పన్నెండున్నరకు మొదటి జవాబు వచ్చింది. చప్టా మీదికి నీళ్ళు: మధ్యాహ్నం రెండూ ఇరవై. కొమరిదిబ్బ బడి లోపల నడుము లోతు: మూడూ పది.

"ఫోను చేసేద్దామా?" అన్నాడు భరద్వాజ.

"వద్దు" అంది హెలెన్. ఆ మాట అనడానికి ఆమె ఎంత కష్టపడిందో ఆ గదిలో మిగతా ఇద్దరికీ తెలుసు. ఒక్క రన్ చూసి నమ్మినందుకే ఇంతదాకా వచ్చింది. మరో నలభై నిమిషాలు. కృష్ణకాంత్ అప్పటికి చివరి పేజీకి వచ్చారు. "ఇందులో నాకు తప్పు కనపడలేదు" అన్నారు మెల్లగా.

ఒంటి గంటా పది. రెండో జవాబు తెర మీదికి వచ్చింది. హెలెన్ రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి వేలితో ఒక్కో అంకెనూ పోల్చుకుంటూ వెళ్ళింది. చివరి అంకె దాకా ఒకటే.

వెంకటకృష్ణయ్య మొదటి రింగుకే ఎత్తాడు.

"రెండూ ఇరవై అండి" అంది హెలెన్. "చప్టా రెండూ ఇరవైకి మునుగుతుంది. మూడూ పదికి బడిలో నడుము లోతు. రెండుసార్లు చూశాం, సార్ కూడా చూశారు."

"డెబ్బై నిమిషాలు..." అవతల ఆయన లోలోపల లెక్క వేసుకుంటున్నాడు. "రెండు బస్సులు, నాలుగు ట్రాక్టర్లు ఉన్నాయి. పోయి రావడానికి ముప్పై, ముప్పై ఐదు నిమిషాలు. రెండు విడతలు. కుక్కేస్తే సరిపోయిద్ది. సరే. ఇదిగో, మీ నాన్నగారు ఇక్కడే ఉన్నారు."

"అమ్మా హెలెన్!" కృపారావు గొంతు గాలిలో ఎగిరెగిరి వస్తోంది. "ఫోను సంచిలో పడేశానమ్మా, చూసుకోలేదు. ఏంటి, కదలమంటున్నారంట?"

"నాన్నా, ఆ మొదటి రిపోర్టు తప్పు. అక్కడికి నీళ్ళు వస్తాయి. ఆ తప్పు చేసింది నేనే నాన్నా. ఒక లైను తీసేశాను. ఇంకెవరిదీ కాదు."

పక్కన భరద్వాజ ఏదో అనబోయాడు. ఆమె చేత్తో వారించింది.

అవతల, వెనకాల ఎవరో పసిబిడ్డ ఏడుస్తోంది. ఆడవాళ్ళు కొందరు గుంపుగా ప్రార్థన చేస్తున్న శబ్దం.

"ఇప్పుడు చెప్పింది కరెక్టేనా అమ్మా?" అని అడిగాడు కృపారావు.

"కరెక్టే నాన్నా."

"అయితే సరే. తప్పు సంగతి ఇంటికొచ్చాక మాట్లాడుకుందాం." ఫోను పక్కకు తీసి ఆయన బడిలో పిల్లల్ని పిలిచినట్టు కేకేశాడు. "బాలింతలూ, పిల్లలూ ముందు బస్సులో! రత్నం, నీ కోడల్ని ఎక్కించు! గొడ్లని విప్పి వదిలేయండయ్యా, అవే ఈదుకుంటాయి!"

"నాన్నా, నువ్వు మొదటి విడతలోనే వచ్చెయ్యి."

"ఎట్టా వస్తానే? వచ్చిన ప్రతి మనిషి పేరూ రాసుకుంది నేనేగా. ఎవరెక్కారో, ఎవరు మిగిలారో చూసుకోవద్దూ? రెండో విడతలో చివరి బస్సెక్కి వస్తాను. నువ్వు చెప్పిన టైముకి ముందే చప్టా దాటేస్తాం. కంగారు పడమాక."

ఫోను కట్ అయింది. హెలెన్ దాన్ని రెండు చేతుల్తోనూ పట్టుకుని అలాగే నిలబడింది. ఒంటి గంటా పదిహేడు. మొదటి బస్సు కదిలి ఉంటుంది. పోయి, దించి, తిరిగొచ్చేసరికి ఒంటి గంటా యాభై రెండు. మళ్ళీ ఎక్కించుకుని చప్టా దగ్గరికి చేరేసరికి రెండూ పది. పది నిమిషాలు మిగులుతాయి. ఆ పది నిమిషాలను ఆమె మనసులో మూడుసార్లు కూడి చూసుకుంది.

"హెలెన్."

భరద్వాజ పక్క కంప్యూటరు ముందు నిలబడి ఉన్నాడు. వాతావరణం పేజీ తెరిచి ఉంది. అతను చదువుతున్నది అతనికే నమ్మశక్యంగా లేనట్టు తెర మీద వేలు పెట్టి మళ్ళీ చదువుతున్నాడు.

"ఒంటి గంటకు కొత్త బులెటిన్ పెట్టారు. మనం పాత అంకెలతోనే నడిపాం." అతను తల తిప్పి ఆమె వైపు చూశాడు. "తుఫాను వేగం పెరిగింది. తీరానికి అనుకున్నదానికన్నా ముందే వచ్చేస్తోంది."

"ఎంత ముందు?"

"తెలియదు. మళ్ళీ నడపాలి. నలభై నిమిషాలు."

హెలెన్ ఇంజనీరుకు చేసింది, లైను కలవలేదు. తండ్రికి ఫోను కలిపింది. మోగుతోంది. ఎవరూ ఎత్తడం లేదు.